అబ్బా గొంతు ఉన్న డబ్బా

మొన్న జుమేరాత్ నాడు మా అబ్బా బర్సీ. ఇంతెఖాల్ అయి రెండేళ్ళు. ఫాతిహా అయింది, దస్తర్‌ఖాన్ ఎత్తేశాం, వచ్చిన చుట్టాలు ఖుదా హాఫిజ్ చెప్పి రాజమండ్రి బస్సెక్కేశారు. ఇంట్లో మేమే మిగిలాం. అమ్మీ గోడకి ఆనుకుని కూర్చుని, తస్బీ పక్కన పెట్టి, "బేటా, మీ అబ్బా మాట పెట్టు. ఒకటో నంబరుది" అంది.

పోయినేడు బర్సీకి కూడా ఇలాగే అడిగింది. అప్పుడు పెట్టాను. ఈసారి లాప్‌టాప్ తెరిచి ఆ ఫోల్డర్ మీద నొక్కితే, కాసేపు గుండ్రంగా తిరిగి, నెట్‌వర్క్ దారి దొరకలేదు అంది. మళ్ళీ నొక్కాను. అదే జవాబు. లాప్‌టాప్ ఆపి వేశాను, వైఫై ఆపి వేశాను. అమ్మీ ఓ పది నిమిషాలు చూసి, "పోనీలే బేటా, రేపు వింటాలే" అని దుప్పటి కప్పుకుంది.

ఆ రేపు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో నేను నేర్చుకున్నది మీ ఇళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఎందుకంటే మనందరి ఇళ్ళలోనూ ఇప్పుడు ఇలాంటి డబ్బా ఒకటి ఉంటోంది. డబ్బా లేకపోతే ఓ హార్డ్‌డిస్క్, అదీ లేకపోతే ఓ ఫోను. అందులో ఇంటిల్లిపాది యాదులూ ఉంటున్నాయి. దాని తాళం మాత్రం ఒక్కరి దగ్గరే ఉంటోంది.

ముందు ఆ డబ్బా ఏమిటో చెప్తాను. కంపెనీవాళ్ళు నాస్ అంటారు. వైఫై రూటర్‌కి తీగతో తగిలించుకునే హార్డ్‌డిస్కుల పెట్టె. ఇంట్లో ఎవరి ఫోను నుంచైనా, ఎవరి లాప్‌టాప్ నుంచైనా అందులో దాచినవి తెరుచుకోవచ్చు. 2018లో కొన్నాను. లోపల రెండు టెరాబైట్ల డిస్కులు రెండు. ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ అచ్చంగా పడుతుంది. అద్దం అన్నమాట. బీరువా మీద, రూటర్ పక్కన పెట్టాం. బిరాదరీలో పెళ్ళిళ్ళ వీడియోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజుల స్కాన్‌లు, బీసీ-ఈ సర్టిఫికెట్లు, అమ్మీ ఆపరేషన్ కాగితాలు అన్నీ అందులోనే. వాటన్నిటికంటే ముఖ్యంగా, అబ్బా క్యాసెట్లు.

మా అబ్బా దర్జీ. 1984లో కువైట్ వెళ్ళారు. ఆ రోజుల్లో ఫోన్లెక్కడివి? ఉత్తరం రాస్తే చదివి పెట్టేవాళ్ళు కావాలి. అమ్మీకి అప్పట్లో చదువు రాదు. అందుకని అబ్బా క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద ఇంటికొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. గల్ఫ్‌కి మనిషిని పంపిన ఇళ్ళకి ఇది తెలిసిన సంగతే. టేప్‌రికార్డర్ మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చునేవాళ్ళం. "అస్సలాము అలైకుమ్. అందరూ ఖైరియత్‌గా ఉన్నారా? ఇక్కడ నేను ఖైరియత్" అని మొదలయ్యేది. తర్వాత కిరాణా బాకీ ఎంత కట్టాలో, ఈద్ బట్టలకి ఎవరి కొలతలు ఎంత పెరిగాయో అడగడం, మధ్యమధ్యలో వెనక కుట్టుమిషను చప్పుడు.

మొదటి మూడు క్యాసెట్లు మా దగ్గర లేవు. 1986 ఆగస్టులో గోదావరి తీసుకుపోయింది. అప్పుడు మేము కొవ్వూరులో కాదు, లంక ఊళ్ళో దాదీ ఇంట్లో ఉండేవాళ్ళం. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. చూసినవాళ్ళు ఇప్పటికీ ఎనభై ఆరు అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. ప్రాణాలతో గట్టెక్కాం. అమ్మీ సందూక్ మాత్రం మూడు రోజులు నీళ్ళలో నానింది. అందులో నికాహ్ ఫొటో, మూడు క్యాసెట్లు, దాదా చేతిరాత కాగితాలు. ఫొటో అంటుకుపోయి, విడదీయబోతే మొహాలు ఊడొచ్చాయి.

ఖబర్ అబ్బాకి పది రోజులకి చేరింది. ఆ రాత్రి కూర్చుని ఒక క్యాసెట్ నింపారు. అదే ఒకటో నంబరు. అందులో అబ్బా ముందు ఏడుస్తారు. మేం అబ్బా ఏడుపు విన్నది ఆ క్యాసెట్లోనే. తర్వాత గొంతు సర్దుకుని, పోయినవి పోనీ, మీరున్నారు కదా, అల్లా షుకర్ అంటారు. ఆ తర్వాత అమ్మీని పేరు పెట్టి పిలిచి, నికాహ్ ఫొటో పోయిందని ఏడవకు, ఇంకో కాపీ నా పర్సులో ఉంది, స్టూడియోలో పెద్దది తీయించి పంపిస్తున్నా అంటారు. ఇప్పుడు మా హాల్లో గోడకున్నది ఆ ఫొటోనే. కువైట్ స్టూడియో ముద్ర మూల మీద కనిపిస్తుంది.

తర్వాత నాలుగేళ్ళకి కథ తిరగబడింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అబ్బా చేతి సంచీ ఒకటి పట్టుకుని, ఇరాక్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరారు. అక్కణ్ణుంచి మనవాళ్ళని ఎయిరిండియా దాదాపు ఐదొందల విమానాల్లో తీసుకొచ్చింది. మొత్తం లక్షా డెబ్బై వేల మంది. వాళ్ళలో మా అబ్బా ఒకరు. ఆరేళ్ళ సంపాదన, రెండు మిషన్లు, మేం ఇక్కణ్ణుంచి నింపి పంపిన క్యాసెట్లు, అన్నీ ఆ గదిలోనే ఉండిపోయాయి. కానీ అబ్బా పంపిన పదకొండు క్యాసెట్లు మాత్రం ఇక్కడ భద్రంగా ఉన్నాయి.

ఇక్కడ వరదొస్తే అక్కడిది మిగిలింది. అక్కడ యుద్ధమొస్తే ఇక్కడిది మిగిలింది. ఈ మాట మా ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునేదే. అయినా డబ్బా కొన్న రోజు నాకు గుర్తు రాలేదు. అదే అసలు విషయం.

2018లో పాత టూ-ఇన్-వన్ దులిపి, లాప్‌టాప్‌కి తీగ పెట్టి, పదకొండూ ఎక్కించాను. ఒక్కోటి గంట. ఒకటో నంబరు టేపుకి బూజు పట్టి ఉంది. రెండు వైపులూ ఎక్కాయో లేదో, పుటుక్కున తెగింది. అంటే ఆ రోజు నుంచి ఆ క్యాసెట్ లేదు, ఆ ఫైలే క్యాసెట్.

ఇప్పుడు బర్సీ మర్నాటికి వద్దాం. డబ్బా దీపాలు చూశాను. ఒకటి పచ్చగా ఉంది, ఒకటి ఎర్రగా ఉంది. ఎర్రది ఎప్పటి నుంచి ఉందో ఇంట్లో ఎవరికీ తెలీదు. బీరువా మీద ఎవరు చూస్తారు? గుండె దడ మొదలైంది. రాజమండ్రిలో బీటెక్ చదువుతున్న మా ఆపా కొడుకుకి ఫోన్ చేశాను. "మామూ, ఏదీ నొక్కకు, ఏదీ పీకకు, సాయంత్రం వస్తున్నా" అన్నాడు.

వచ్చి మొదట అడిగింది, "ఈ మధ్య ఇంట్లో ఏం మారింది మామూ?" అని. నేను ఏమీ మారలేదన్నాను. మా బేగం వంటింట్లోంచి, "కేబుల్ అబ్బాయి వచ్చి రూటర్ మార్చాడు కదా, రెండు నెలలైంది" అంది. అదీ సంగతి. ఇంట్లో ప్రతి వస్తువుకీ రూటర్ ఒక నంబరు ఇస్తుంది. కొత్త రూటర్ కొత్త నంబర్లిచ్చింది. నా లాప్‌టాప్ ఇంకా పాత నంబరు తలుపే కొడుతోంది.

మా కొవ్వూరు సంగతే చూడండి. బుద్ధెరిగినప్పటి నుంచీ పశ్చిమ గోదావరి జిల్లా అని రాసుకున్నాం. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లా అయ్యాం. గోష్పాద క్షేత్రం కదల్లేదు, రైల్వే స్టేషన్ కదల్లేదు, మా మసీదు కదల్లేదు. మారింది అడ్రసు. డబ్బాదీ అంతే. రూటర్ పేజీలో తగిలి ఉన్నవాటి జాబితా ఉంటుంది. అందులో డబ్బా పేరు వెతికి, దాని కొత్త నంబరు పట్టుకుని, ఇకమీదట ఈ డబ్బాకి ఎప్పుడూ ఇదే నంబరివ్వు అని రూటర్‌లోనే రాసిపెట్టాడు. పది నిమిషాల పని. ఇక అయిపోయిందనుకున్నాను.

అవ్వలేదు. ఇప్పుడు తలుపు దొరికింది కానీ లోపలికి రానివ్వట్లేదు. మీ సంస్థ భద్రతా నియమాల వల్ల గెస్ట్‌గా లోపలికి వెళ్ళడం కుదరదు అని విండోస్ రాసింది. మా ఇంట్లో సంస్థ ఏమిట్రా అని నవ్వొచ్చింది. అమ్మాయి పాత లాప్‌టాప్ తెచ్చి చూస్తే అందులో తెరుచుకుంది. నా కొత్తదాంట్లోనే రావట్లేదు.

మేనల్లుడు విడమరిచి చెప్పాడు. డబ్బాతో కంప్యూటర్ మాట్లాడే భాషని ఎస్ఎంబీ అంటారు. అందులో మొదటి రకం చాలా పాతది, దానికి కన్నాలెక్కువ. 2017 మేలో ప్రపంచమంతా ఆసుపత్రుల దగ్గర నుంచి ఫ్యాక్టరీల దాకా కంప్యూటర్లని తాళం వేసేసిన వానాక్రై ఆ కన్నంలోంచే పాకింది. ఆ ఏడాది చివర నుంచి విండోస్ పాత రకాన్ని మామూలుగా పెట్టడం మానేసింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ఇంకా గట్టిగా పట్టింది. చాలా లాప్‌టాప్‌లలో పేరూ పాస్‌వర్డూ లేని గెస్ట్‌ని నమ్మదు. అవతలి డబ్బా ప్రతి మాట కిందా సంతకం పెట్టాలంటుంది. నేనేమో 2018లో, ఇంట్లోవాళ్ళకి పాస్‌వర్డ్ ఎందుకని, డబ్బాని అందరికీ బార్లా తెరిచి పెట్టాను.

యూట్యూబ్‌లో వెతికితే దీనికి సులువైన ఇలాజ్ చెప్తారు. విండోస్‌లో ఫలానా చోటికెళ్ళి ఆ కాపలా తీసెయ్, పాత ఎస్ఎంబీ మళ్ళీ తెరువు అని. నేను సగం దాకా వెళ్ళాను. మేనల్లుడు చెయ్యి పట్టుకున్నాడు. "మామూ, కీ దొరకట్లేదని తలుపు పీకేస్తావా?" మాట నిజం. మార్చాల్సింది లాప్‌టాప్‌ని కాదు, డబ్బాని. దాని ఫర్మ్‌వేర్ కొత్తది వేయాలి, గెస్ట్‌ని మూసేయాలి, ఇంట్లో మనిషికో పేరు, పేరుకో పాస్‌వర్డ్ పెట్టాలి.

అలా చేయాలంటే డబ్బా యజమాని పాస్‌వర్డ్ కావాలి. అది నాకు గుర్తు లేదు. ఏడేళ్ళ కిందట పెట్టింది ఎవరికి గుర్తుంటుంది? వెనక రీసెట్ బటన్ ఉంది. ఎంతసేపు నొక్కితే ఏం పోతుందో ఒక్కో మోడల్‌కీ ఒక్కో రకం. కొన్నిట్లో పాస్‌వర్డ్ మాత్రమే పోతుంది, కొన్నిట్లో ఇంకా చాలా పోతుంది. భయమేసి ముట్టుకోలేదు. ఆ రాత్రి అమ్మీ అడిగింది, "డబ్బా కొన్నరోజు నువ్వు మీ అబ్బాకి ఏదో చెప్తే ఆయన రాసుకున్నాడు కదా" అని.

అబ్బా కొలతల పుస్తకం. సందూక్ లోంచి అమ్మీయే తీసింది. ఛాతీ 38, నడుం 34, ఆస్తీన్ 23. ఎవరెవరి కొలతలో, కొందరు ఇప్పుడు లేరు కూడా. చివరి నుంచి నాలుగో పేజీలో, ఎవరిదో షేర్వానీ కొలత కింద, ఆ పాస్‌వర్డ్ ఉంది. పక్కన ఉర్దూలో రాసుకున్నారు: ఘర్ కీ అమానత్. అక్షరం కూడా తేడా లేదు. నేను కంప్యూటర్ చదువుకున్నవాణ్ణి, మర్చిపోయాను. ఆయన దర్జీ, రాసిపెట్టారు.

లోపలికి వెళ్ళాం. ఫర్మ్‌వేర్ వేశాం, గెస్ట్‌ని మూశాం, పేర్లు పెట్టాం. అయినా నా లాప్‌టాప్ ఇంకోసారి మొరాయించింది. దాని కడుపులో పాత లాగిన్ దాక్కుని ఉంది. ఒకే డబ్బాలోకి ఒకేసారి రెండు పేర్లతో వెళ్తానంటే విండోస్ ఒప్పుకోదు. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ అని ఉంటుంది. అందులో పాతది తీసేసి, లాప్‌టాప్ ఆపి వేసి, కొత్త పేరుతో వెళ్ళాం. నాలుగో రోజు రాత్రి ఫోల్డర్ తెరుచుకుంది. అబ్బా ఆవాజ్ అని పేరు పెట్టుకున్న ఫోల్డర్.

అది రెండో నంబరుతో మొదలైంది.

రెండు, మూడు, నాలుగు, పదకొండు దాకా అన్నీ ఉన్నాయి. ఒకటి లేదు. పోయిన బర్సీకి ఉంది. ఈ ఏడాదిలో ఎప్పుడో, ఎవరి చెయ్యో తగిలి పోయింది. పిల్లలా? ఫోనులో జాగా ఖాళీ చేస్తూ నేనేనా? తెలుసుకునే దారి లేదు. అందరూ గెస్ట్ పేరుతోనే కదా వెళ్ళింది. డబ్బా చిట్టాలో కూడా గెస్ట్ అనే ఉంది. తీసేసినవి కొన్నాళ్ళు దాచే చెత్తబుట్ట సదుపాయం డబ్బాలో ఉంది. నేను దాన్ని ఆన్ చేయలేదు.

రెండు డిస్కులున్నాయి కదా, రెండోదాంట్లో ఉండదా అని అమాయకంగా అడిగాను. అక్కడే నాకు అసలు పాఠం అర్థమైంది. అద్దం ముందు నువ్వు టోపీ తీస్తే, అద్దంలోవాడూ తీస్తాడు. రెండు డిస్కుల అద్దం ఒక డిస్కు చచ్చిపోతే ఇల్లు ఆగకుండా చూస్తుంది, అంతే. నిజానికి ఆ ఎర్ర దీపం అదే. ఒక డిస్కు ఎప్పుడో పోయింది, రెండోదాని మీద నడుస్తున్నాం. కానీ మన చేత్తో మనం చెరిపేసుకున్నదాన్ని అద్దం కాపాడదు. దొంగ, పిడుగు, వరద నుంచీ కాపాడదు. రెండు డిస్కులూ ఒకే పెట్టెలో, ఒకే బీరువా మీద ఉన్నాయి కదా.

అయితే డబ్బా వెనక యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ ఒకటి ఉంది. ప్రతి ఆదివారం రాత్రి డబ్బాలోది దాంట్లోకి వెళ్ళేలా 2018లోనే పెట్టాను. దాన్నే బ్యాకప్ అనుకుని బేఫికర్‌గా ఉన్నాను. చిట్టా తీసి చూశాం. ఆఖరుసారి సరిగ్గా జరిగింది పద్నాలుగు నెలల కిందట. డిస్కు నిండిపోయింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ప్రయత్నిస్తోంది, ఓడిపోతోంది.

మరి డబ్బా ఎవరికీ చెప్పలేదా? చెప్పింది. ఎవరికి చెప్పిందో చూడండి. ఇంట్లో తీరిగ్గా మెయిల్ చూసేది అబ్బా కదా అని, అప్పట్లో ఆయన మెయిల్ ఇచ్చాను. అబ్బా ఫోను అమ్మీ దగ్గరే ఉంటుంది. అప్పుడప్పుడు చార్జింగ్ పెట్టుకుని ఫొటోలు చూసుకుంటుంది. ఆ ఫోను తెరిచి మెయిల్ చూస్తే, చదవని ఉత్తరాలు అరవై ఒకటి. అన్నీ ఒకే మాట. బ్యాకప్ కాలేదు, బ్యాకప్ కాలేదు, డిస్కు నిండింది, ఒక డిస్కు పాడైంది, వెంటనే చూడండి. ప్రతి ఆదివారం రాత్రీ ఆ డబ్బా మా మర్హూం అబ్బాకి ఉత్తరం రాస్తూనే ఉంది. బతికున్న నేను అదే గదిలో నిద్రపోతున్నాను.

ఆ రోజు నేను అమ్మీ మొహం చూడలేకపోయాను.

ఐదో రోజు యూఎస్‌బీ డిస్కు పీకి లాప్‌టాప్‌కి పెట్టాను. ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయనా అని విండోస్ అడిగింది. తొందరలో ఉన్నాను, కళ్ళలో నీళ్ళున్నాయి, వేలు మౌస్ మీద ఉంది. మేనల్లుడు అరిచిన అరుపుకి వంటింట్లో గిన్నె కిందపడింది. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. చాలా డబ్బాలు తమ డిస్కుల్ని విండోస్‌కి తెలియని లినక్స్ పద్ధతిలో రాసుకుంటాయి. విండోస్‌కి చదవడం రాక, ఖాళీ అనుకుని, ఫార్మాట్ చేద్దామా అంటుంది. ఆ డిస్కు ఖాళీ కాదు. సరేనన్నారో, ఉన్నది ఊడ్చుకుపోతుంది. డిస్కుని మళ్ళీ డబ్బాకే పెట్టి, దాని పేజీలోంచే తెరవాలి. లేదంటే లినక్స్ ఉన్న కంప్యూటర్లో చదవాలి.

డబ్బాకే పెట్టి తెరిచాం. అబ్బా ఆవాజ్ అనే ఫోల్డర్ తెరిచాం. ఒకటి ఉంది.

అల్హందులిల్లా అన్నాను. కానీ మేనల్లుడు ఇంకో మాట చెప్పాడు. దాంతో సంతోషం సగమైంది. నేను పెట్టుకున్నది నిజానికి బ్యాకప్ కాదు. ఇక్కడున్నది అక్కడ ఉంచు, ఇక్కడ లేనిది అక్కడా తీసెయ్ అనే సింక్. డిస్కు నిండకుండా సవ్యంగా నడిచి ఉంటే, ఒకటో నంబరు పోయిన వారమే అక్కడా పోయేది. అంటే అబ్బా గొంతు నా తెలివి వల్ల మిగల్లేదు, నా గఫ్లత్ వల్ల మిగిలింది. ఇలాంటి కరమ్ రెండోసారి ఆశించకూడదు.

మిగిలిన నాలుగు రోజులు అన్నీ సర్దుకోవడానికే పట్టాయి. కొత్త డిస్కులు కొనడానికి రాజమండ్రి వెళ్తూ, రోడ్-కమ్-రైలు బ్రిడ్జి మీద నుంచి పాత హేవలాక్ బ్రిడ్జిని చూశాను. దాదాపు వందేళ్ళు రైళ్ళని మోసింది. 1997లో ఆర్చ్ బ్రిడ్జి అందుకున్నాకే దాన్ని పక్కన పెట్టారు. కొత్తది బరువు మోస్తుందని తేలకుండా పాతదాన్ని ఎవరు ఆపుతారు? అందుకే పాత యూఎస్‌బీ డిస్కుని చెరపలేదు. కొత్తదాంట్లోకి అన్నీ ఎక్కించి, వాటిలో కొన్ని తెరిచి విని, చూసి, అప్పుడు పాతదాని మీద తారీఖు రాసి సందూక్‌లో పెట్టాం.

ఇప్పుడు మా ఇంటి ఇంతెజామ్ ఇదీ. ఫొటోగ్రాఫర్లు చెప్పే లెక్క ఒకటుంది, మూడు-రెండు-ఒకటి. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ దాన్ని అందరికీ చేర్చాడు. ముఖ్యమైనది ఏదైనా మూడు కాపీలుండాలి, రెండు రకాల వాటిలో ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. మా ఇంట్లో ఒకటి డబ్బాలో. రెండోది యూఎస్‌బీ డిస్కులో, ఈసారి సింక్ కాకుండా పాత తారీఖుల కాపీలు కూడా దాచే అసలు బ్యాకప్. మూడోది హైదరాబాద్‌లో ఆపా ఇంట్లో. చిన్న డిస్కులు రెండు కొన్నాం. రంజాన్ ఈద్‌కి, దసరా సెలవులకి ఆపా వచ్చినప్పుడు ఒకటి తెస్తుంది, ఒకటి తీసుకెళ్తుంది. దస్తావేజులు కూడా ఉన్నాయి కాబట్టి వాటికి తాళం పాస్‌వర్డ్ ఉంది. పోగొట్టుకోకూడనివి వేరే చేసి చూస్తే, అవి కొంచెమే. అబ్బా క్యాసెట్లు పదకొండూ కలిపి ఆరున్నర గిగాబైట్లు. డబ్బాని నింపింది పెళ్ళి వీడియోలు.

చిన్నపిల్లలకి ఇప్పుడు చూడ్డానికే హక్కు, చెరపడానికి లేదు. చెత్తబుట్ట ఆన్ చేశాం. హెచ్చరికలు నాకూ, ఆపాకీ, మేనల్లుడికీ ముగ్గురికీ వస్తాయి. చోటా భాయ్ కువైట్ నుంచి కూడా వినొచ్చని రూటర్‌లో నేను అప్పట్లో తెరిచిన దారిని మూసేశాం. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ళ మై బుక్ లైవ్ అనే పాత డబ్బాలు, ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్నవి, ఒక్క రాత్రిలో ఖాళీ అయిపోయాయి. వాటికి 2015 తర్వాత కంపెనీ మరమ్మతు ఏదీ ఇవ్వలేదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనేది క్యూన్యాప్ డబ్బాలకి తాళం వేసి ఫిరౌతీ అడిగింది. ఇంటి సందూక్‌ని వీధి అరుగు మీద పెట్టుకోం కదా.

అన్నిటికంటే ముఖ్యమైంది చివర చెప్తున్నాను. నెలకోసారి, మొదటి జుమా నమాజు అయ్యాక, బ్యాకప్ లోంచి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూస్తున్నాం. హిఫ్జ్ చేసిన పిల్లాడు దౌర్ చేయకపోతే ఏమవుతుందో మనకి తెలుసు. కంఠతా వచ్చు అనుకుంటాడు, చదవమంటే తడబడతాడు. బ్యాకప్ కూడా అంతే. తెరిచి చూసేదాకా అది ఉందో లేదో ఎవరికీ తెలీదు.

ఆ పని నేను చేయట్లేదు. అమ్మీ చేస్తోంది. అరవై దాటాక మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఏది నొక్కాలో, పాస్‌వర్డ్ ఏమిటో, ఎవరిని పిలవాలో తన చేత్తో తనే ఒక కాగితం మీద రాసుకుంది. ఆ కాగితాన్ని అబ్బా కొలతల పుస్తకంలో, ఆ షేర్వానీ పేజీలోనే పెట్టింది. రేపు నాకేమైనా అయితే నా పిల్లలు రీసెట్ బటన్ ముందు కూర్చోకూడదు. మీరు కూడా మీ మెయిల్ సంగతి చూసుకోండి. రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాలని గూగుల్ తీసేయొచ్చు. మీ తర్వాత ఎవరికి అందాలో ముందే రాసిపెట్టుకునే చోటు అందులోనే ఉంది. బతికుండగా పది నిమిషాల పని.

అమానత్ అంటే దాచిపెట్టడం అనుకునేవాణ్ణి. దాచిపెట్టినది అడిగినవాళ్ళ చేతికి అందేలా ఉంచడం కూడా అమానతే అని ఇప్పుడర్థమైంది.

తొమ్మిదో రోజు రాత్రి అమ్మీయే లాప్‌టాప్ తెరిచింది. తన పేరు, తన పాస్‌వర్డ్. ఒకటో నంబరు మీద నొక్కింది. గరగర, కుట్టుమిషను చప్పుడు, ఓ దగ్గు. "అస్సలాము అలైకుమ్. అందరూ ఖైరియత్‌గా ఉన్నారా?" అమ్మీ, "వఅలైకుమ్ అస్సలాం" అని జవాబిచ్చింది. నలభై ఏళ్ళుగా ప్రతిసారీ ఇస్తూనే ఉంది.

మర్నాడు చోటా భాయ్‌కి పదకొండూ పంపించాను. వాడిప్పుడు కువైట్‌లోనే ఉంటున్నాడు. రాత్రి డ్యూటీ దిగి, గదిలో పెట్టుకుని విన్నాడట. ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "భాయ్, అబ్బా అక్కణ్ణుంచి పంపింది మళ్ళీ ఇక్కడికి చేరింది" అన్నాడు.

అవును. అది మా నాలుగో కాపీ.